నొప్పి లేని బెణుకు

ఈ కేసు రాయడానికి కారణం, ఇందులో మొదటి తప్పు నాదే కావడం. పేషెంట్ అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఆవిడెవరో పోల్చుకునే వీలున్న వివరాలు తీసేశాను, వయసూ వృత్తీ కొంచెం అటూ ఇటూ చేశాను. కొలతలు, వారాల లెక్క, ఎక్కడ ఏ నిర్ణయం తీసుకున్నాం అన్నవి మాత్రం కేస్ షీట్‌లో ఉన్నట్టే ఇక్కడా ఉన్నాయి.

నేపథ్యం

ఆవిడకి యాభై దాటాయి. షుగర్ వచ్చి 14 ఏళ్ళు. రోజులో ఎక్కువసేపు నిలబడి చేసే ఉద్యోగం. మాత్రలతో పాటు రాత్రిపూట ఒక ఇన్సులిన్. వచ్చేనాటికి, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.2. రెటీనాలో తొలిదశ మార్పులున్నాయి, మూత్రంలో కొద్దిగా ప్రోటీన్ పోతోంది. అంటే సన్న రక్తనాళాలు, నరాలు దెబ్బతినడం ఎప్పుడో మొదలైంది. కాళ్ళ సంగతి అడిగితే, "మొద్దుబారినట్టుంటాయండీ. నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా ఒక్కోసారి తెలీదు, వెనక ఎవరో పిలిచి చెప్తారు" అని నవ్వేశారు. చెప్పు ఊడినా తెలియలేదని పేషెంట్ అన్నాక నరాల పరీక్ష అక్కడే సగం అయిపోయినట్టు. మిగతా సగం, అరికాలికి సన్నటి నైలాన్ పోగు (మోనోఫిలమెంట్) ఆనించి స్పర్శ తెలుస్తోందా అని చూడటం, నేనూ చేశాను. చేసి, దాన్ని పట్టించుకోలేదు. ఆ సంగతికి వస్తాను.

ఏం జరిగింది

మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు చూసుకోలేదు. కుడి పాదం లోపలికి మడతపడింది. లేచి దులుపుకుని ఆ రోజు పనంతా చేసుకున్నారు. రాత్రికి చీలమండ చుట్టూ వాపు, రెండో రోజుకి పాదం పైభాగం ఎర్రగా. మొదట చూసిన డాక్టరు చర్మం కింద ఇన్ఫెక్షన్ అనుకుని 7 రోజులు యాంటిబయోటిక్ ఇచ్చారు. తగ్గలేదు, పెరగనూ లేదు. పదకొండో రోజున నా దగ్గరికి వచ్చారు. కుంటకుండా, ఎవరి సాయమూ లేకుండా, తన కాళ్ళ మీద తానే నడిచి వచ్చారు.

ఆ నడకే నన్ను బోల్తా కొట్టించింది.

చీలమండ దెబ్బల్లో ఎక్స్‌రే ఎవరికి అవసరమో తేల్చడానికి ఒటావా రూల్స్ అని ఉన్నాయి. 1992లో కెనడాలో తయారయ్యాయి, ప్రపంచమంతా వాడుతోంది. ఎముక మీద ఫలానా చోట్ల నొక్కితే నొప్పి ఉందా, నాలుగు అడుగులు వేయగలరా అన్నవే అందులో ముఖ్యమైన ప్రశ్నలు. ఎన్నో ఏళ్ళుగా అలవాటైన ప్రశ్నలు కాబట్టి చెయ్యి దానంతటదే నొక్కుతుంది, నోరు దానంతటదే అడుగుతుంది. నొక్కాను, నొప్పి లేదన్నారు. నడవమన్నాను, గది ఆ చివరి దాకా వెళ్ళి వచ్చారు. అయినా జాగ్రత్తకి చీలమండ ఎక్స్‌రే తీయించాను. ఎముక విరిగినట్టు ఎక్కడా కనిపించలేదు.

పాదం మీద నాడి చూస్తే బలంగా కొట్టుకుంటోంది. రక్తప్రసరణ బాగుందని సంతోషించాను కూడా. బెణుకని రాసి, క్రేప్ బ్యాండేజీ, చీలమండకి తొడుగు, కాలు ఎత్తులో పెట్టుకోవడం చెప్పి, రెండు వారాల తర్వాత రమ్మన్నాను. కిడ్నీల దృష్ట్యా నొప్పి మాత్రలు రాయలేదు. అసలు నొప్పే లేదు కదా, రాయాల్సిన పనీ పడలేదు. వేడి కాపడం, ఐస్ రెండూ వద్దని మాత్రం గట్టిగా చెప్పాను. స్పర్శ లేని కాలికి వేడి ఎప్పుడు కాలుతుందో, చలి ఎప్పుడు కొరుకుతుందో తెలియదు. కాపడం పెట్టుకుని బొబ్బలతో వచ్చిన పాదాలు ఎన్నో చూశాను.

ఆ రోజు కేస్ షీట్ ఇప్పుడు తీసి చూస్తే నా చేతిరాతలోనే రెండు వాక్యాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. "10 గ్రాముల మోనోఫిలమెంట్ రెండు పాదాల్లోనూ తెలియడం లేదు." దాని కిందే, "నొక్కితే నొప్పి లేదు." మొదటిది నిజమైతే రెండోదానికి అర్థమే లేదు. సాక్షికి చూపు లేదని రాసుకుని, మరుసటి గీతలో అతని కంటితో చూసిన సాక్ష్యం నమోదు చేశాను. ఒటావా రూల్స్ రాసినవాళ్ళు కూడా కాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళ విషయంలో ఈ రూల్స్‌ని నమ్ముకోవద్దనే హెచ్చరించారు. నాకు ఆ సంగతి తెలుసు కూడా.

రెండోసారి

రెండు వారాల తర్వాత వచ్చినప్పుడు చీలమండ వాపు కొంచెం తీసింది. కానీ పాదం మధ్యభాగం ఉబ్బి ఉంది. చెయ్యి వేస్తే సెగ తగులుతోంది. ఈసారి చేతిని నమ్మకుండా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తీశాను. కుడి పాదం మధ్యలో 34.6 డిగ్రీలు, ఎడమ పాదంలో అదే చోట 30.9. తేడా 3.7 సెల్సియస్ డిగ్రీలు. రెండు పాదాల మధ్య 2 డిగ్రీలు దాటితే మేం ఉలిక్కిపడతాం.

వేడిగా, ఎర్రగా, వాచి ఉన్న షుగర్ పాదం అనగానే ఎవరికైనా ముందు తట్టేది ఇన్ఫెక్షనే. తట్టాలి కూడా, దాన్ని వదిలేస్తే కాలే పోవచ్చు. కానీ సూక్ష్మక్రిమి లోపలికి దూరడానికి ఒక దారి కావాలి కదా. వేళ్ళ సందులు, గోళ్ళ అంచులు, మడమ పగుళ్ళు అన్నీ వెతికాను. ఎక్కడా గీత కూడా లేదు. జ్వరం లేదు, తెల్లకణాలు మామూలుగా ఉన్నాయి, ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే రక్తంలో పెరిగే సీఆర్‌పీ పెద్దగా పెరగలేదు. ఆవిడని పడుకోబెట్టి కాలు ఎత్తి పది నిమిషాలు ఉంచాం. ఎర్రదనం చాలావరకు వెలిసిపోయింది. చర్మంలో ఇన్ఫెక్షన్ ఉంటే ఆ ఎరుపు అంత తేలిగ్గా పోదు. ఇది ఏ పరికరమూ అక్కర్లేని పరీక్ష, ఒక దిండూ కొంచెం ఓపికా ఉంటే చాలు. దీని ఒక్కదాని మీదే తీర్పు ఇవ్వలేం గానీ మిగతా వాటి పక్కన పెట్టి చూస్తే బరువు తూగుతుంది. పిక్క సిరల్లో రక్తం గడ్డ కట్టిందేమోనని డాప్లర్ స్కాన్, గౌట్ కావచ్చేమోనని యూరిక్ యాసిడ్ చూశాం. రెండూ కావు.

అప్పుడు చేయాల్సింది, మొదటిరోజే చేసి ఉండాల్సింది, పాదం ఎక్స్‌రే. మొదటిసారి నేను తీయించింది చీలమండది మాత్రమే. మెలిక చీలమండ దగ్గర పడినా, ఆ బలం పాదం మధ్య కీళ్ళ దాకా పోతుంది. రెండు పాదాలకీ, నిలబెట్టి తీయించాం. కుడి పాదంలో మొదటి, రెండో మెటాటార్సల్ ఎముకల (వేళ్ళ వెనక పాదంలో ఉండే పొడవాటి ఎముకలు) మొదళ్ళ మధ్య సందు ఎడమవైపు కన్నా కాస్త వెడల్పుగా ఉంది. పక్కన పక్కన పెట్టి చూస్తే తప్ప కనపడనంత. ఎంఆర్‌ఐలో పాదం మధ్య ఎముకల మజ్జలో నీరు, చిన్న చిన్న పగుళ్ళు. చీముగడ్డ లేదు, చర్మం నుంచి ఎముకకి దారి లేదు.

షార్కో పాదం. ఇంకా ఎముకలు కూలిపోని దశ.

1868లో ఫ్రాన్స్‌లో జాన్ మార్టిన్ షార్కో సిఫిలిస్ వల్ల వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళ కీళ్ళలో ఈ విధ్వంసాన్ని వర్ణించాడు. షుగర్ పేషెంట్లలోనూ ఇది వస్తుందని రాసింది 1936లో, జోర్డాన్ అనే వైద్యుడు. ఇప్పుడు మేం చూసేది ఎక్కువగా ఈ రెండో కోవే. నరాలు మొద్దుబారిన కాలికి చిన్న దెబ్బ తగులుతుంది. ఎవరికైనా దెబ్బ తగిలితే లోపల ఒక మంట రేగుతుంది, నొప్పి ఆ మనిషిని కూర్చోబెడుతుంది, మంట చల్లారుతుంది. ఇక్కడ కూర్చోబెట్టేవాళ్ళు లేరు. నడుస్తూనే ఉంటారు, ప్రతి అడుగూ ఆ మంటలో మరో పుల్ల వేస్తుంది. ఎముకని కొరికే కణాలు రెచ్చిపోతాయి. రక్తనాళాలని అదుపులో ఉంచే నరాలూ దెబ్బతిని ఉంటాయి కాబట్టి పాదానికి రక్తం వరదలా వస్తుంది. నేను సంతోషించిన ఆ బలమైన నాడి ఇదే.

బూటు

చేయాల్సింది ఒక్కటే, పాదం మీద బరువు తగ్గించి కదలకుండా చేయడం. మందుతో పోయే జబ్బు కాదిది. ఎముక గట్టిపడే ఇంజెక్షన్ ఏదో ఉందని ఎవరో చెప్పారట, అడిగారు. బిస్‌ఫాస్ఫోనేట్లు, డెనోసుమాబ్ లాంటివి దీనికి వాడొద్దని డయాబెటిక్ ఫుట్ మీద పనిచేసే అంతర్జాతీయ వర్కింగ్ గ్రూప్ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. మేం వాడలేదు.

ఆ మార్గదర్శకాలే మోకాలి దాకా ఉండి పేషెంట్ తీయలేని కట్టు మొదటి ఎంపిక అంటాయి. నేను ఆ పని చేయలేదు. తీసి పెట్టుకునే వాకర్ బూటు ఇచ్చాను. అప్పుడు నాకు కారణాలు బలంగానే తోచాయి. స్పర్శ లేని కాలిని లోపల మూసేస్తే పుండు పడినా తెలియదని భయం. స్నానానికి, పడకకి ఇబ్బంది అని ఆవిడ బతిమాలారు. "నేను పద్ధతిగా ఉండే మనిషిని డాక్టర్ గారూ, ఒక్కరోజు కూడా తీయను" అన్నారు. నమ్మాను. ఇప్పటికీ ఆవిడ అబద్ధం చెప్పారని అనుకోను.

రెండు వారాలకి తేడా 3.5. నాలుగు వారాలకి 3.4. బూటు సైజు మార్చాం, లోపల మెత్తలు మార్చాం, సరిగ్గా కట్టుకుంటున్నారా అని చూశాం. ఏమీ అంతుబట్టలేదు. ఆ నాలుగో వారం ఆవిడ బూటు విప్పి బల్ల పక్కన పడుకోబెట్టినప్పుడు దాని అడుగు కనిపించింది. నెల రోజులు తొడిగిన బూటు. మడమ దగ్గర రబ్బరు గళ్ళు ఇంకా పదునుగా ఉన్నాయి, పెట్టెలోంచి తీసినట్టు. పక్కనే ఎడమ కాలి చెప్పు అరిగి ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది.

"ఇంట్లో వేసుకుంటారా?" అని అడిగాను.

"ఇంట్లో ఎందుకండీ? బయటికెళ్ళినప్పుడు వేసుకుంటాను కదా" అన్నారు.

తప్పు ఆవిడది కాదు. రాత్రి బాత్రూమ్‌కి, తలుపు తీయడానికి, పొయ్యి దగ్గరికి వేసే అడుగుల్ని ఎవరూ నడక కింద లెక్కేసుకోరు. రోజు మొత్తంలో అవే ఎక్కువ. 2003లో అమెరికాలో పాదాల పుండ్లున్న షుగర్ పేషెంట్ల మీద ఒక పరిశీలన చేశారు. తీయడానికి వీలున్న బూటు ఇస్తే, వాళ్ళ రోజువారీ అడుగుల్లో 28 శాతమే బూటుతో వేసినవని తేలింది. మామూలుగా విరిగిన కాలికి బూటు తీస్తే నొప్పే మళ్ళీ తొడిగిస్తుంది. ఆవిడకి ఆ కాపలా లేదు. లేదని తెలిసే నేను ఆవిడ మాట మీద వదిలేశాను. అంటే ఈ కేసులో నేను రెండోసారి కూడా మొదటి తప్పునే చేశాను, వేరే రూపంలో.

కట్టు

ఐదో వారంలో టోటల్ కాంటాక్ట్ కాస్ట్ వేశాం. ముందు రక్తప్రసరణ సరిపోతుందా అని చూశాం. షుగర్ ఉన్నవాళ్ళలో ధమనుల గోడలు సున్నంలా గట్టిపడతాయి, అందువల్ల చీలమండ దగ్గర బీపీ కొలత ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అందుకే కాలి బొటనవేలి దగ్గర కొలిచాం. బాగానే ఉంది.

ఈ కట్టు మామూలు పిండికట్టు కాదు. మామూలు కట్టులో దూది మందంగా ఉంటుంది, కాలు లోపల కదులుతుంది. ఇందులో దూది పల్చన. కట్టు కాలి ఒంపులకి అతుక్కుని ఉంటుంది, పాదం మోసే బరువులో కొంత పిక్క మీదికి మళ్ళుతుంది. స్పర్శ లేకపోవడమే పుండ్లకి మూలమని వెల్లూరులో కుష్ఠు పేషెంట్ల మధ్య పనిచేసి చూపించిన పాల్ బ్రాండ్, ఈ కట్టు వాడుకలోకి రావడానికి కారకులైన వాళ్ళలో ముఖ్యుడు. ఆవిడని బోర్లా పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని తొంభై డిగ్రీల్లో పట్టుకుని వేశాం. మా టెక్నీషియన్ తడి పట్టీని అరచేతులతోనే అదుముతాడు, వేళ్ళు తగలనివ్వడు. వేలి గుర్తు ఒక్కటి పడినా ఎండాక అది లోపలివైపు గుబ్బ అవుతుంది. నొప్పి తెలిసినవాళ్ళయితే ఆ రాత్రే ఫోన్ చేస్తారు. ఈవిడకి తెలిసేనాటికి పుండు ఎముక దాకా పోతుంది.

నేను భయపడ్డది పూర్తిగా ఉత్తది కాదు. నాలుగో రోజు కట్టు విప్పితే వాపు బాగా తీసి, కాలు లోపల పైకీ కిందికీ జారుతోంది. ముంగాలి ఎముక మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి రాపిడి. ఇంకో మూడు రోజులు ఆలస్యమైతే తోలు లేచిపోయేది. మొదటి కట్టు వారం ఉంచకూడదన్నది ఇందుకే. అక్కడ ఫెల్ట్ పెట్టి కొత్త కట్టు వేశాం, తర్వాత వారం వారం మార్చాం. ప్రతి మార్పుకీ చర్మం మొత్తం చూసి, ఉష్ణోగ్రత రాసి, మళ్ళీ వేయడం. చేసేవాళ్ళకీ చేయించుకునేవాళ్ళకీ విసుగు పుట్టే పని.

ఇంకోటి మేం ఆలస్యంగా గమనించాం. కట్టు మందం వల్ల కుడి కాలు పొడవైంది. ఆవిడకి నడుం నొప్పి పట్టుకుంది, ఎడమ అరికాలి మీద ఆనెకాయ లేచింది. ఒక కాలి మీద బరువు తగ్గిస్తే అది రెండోదాని మీద పడుతుంది, ఆ రెండోదానికీ స్పర్శ లేదు. ఎడమ చెప్పుకి అడుగు ఎత్తు వేయించాం, ఆనెకాయ గీశాం. ఇది కట్టు వేసిన రోజే చేయాల్సింది.

కట్టు వేసిన రెండో వారానికి తేడా 2.9. ఐదో వారానికి 2.3. ఎనిమిదో వారం కట్టు విప్పి కొలిస్తే 1.2. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నాకూ ఆ కట్టు వదిలించాలనే ఉంది. ఆ నెలలో వాళ్ళింట్లో ఒక పెళ్ళి. బూటు రాయబోతున్నాను. టెక్నీషియన్ మెల్లిగా, "సార్, ఎడమ కాలు ఇప్పుడే షూలోంచి తీశారు" అన్నాడు.

నిజమే. మూసిన షూలోంచి అప్పుడే తీసిన ఎడమ పాదం వేడెక్కి ఉంది. అందువల్ల తేడా చిన్నదిగా కనిపించింది. రెండు కాళ్ళూ బయటపెట్టి, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ కొలిచాం. 2.4. కొత్త కట్టు వేశాం. ఆవిడ ఆ పెళ్ళికి కట్టుతోనే, కుర్చీలో కూర్చుని హాజరయ్యారు. నా మీద కోపం చాలా రోజులు ఉంది.

మధ్యలో షుగర్ సంగతి ఒక్క మాట. కాలి భయంతో ఆవిడ ఒక్కసారిగా తిండి కట్టేసి ఇన్సులిన్ పెంచమన్నారు. మేం నెమ్మదిగానే దించాం. మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ మరీ వేగంగా పడితే నరాల బాధ కొత్తగా మొదలుకావచ్చు, రెటీనా కూడా దెబ్బతినవచ్చు. ఆరు నెలలకి 7.6.

కట్టు తీసింది ఎప్పుడు

పద్దెనిమిదో వారం నుంచి వరసగా మూడు సార్లు తేడా 2 లోపు వచ్చింది, వాపు లేదు, ఎక్స్‌రేలో ఎముకలు అతుక్కుంటున్నాయి. ఇరవై రెండో వారంలో కట్టు తీశాం. తీసేసి వదిలేయలేదు. పిక్క దాకా ఉండే ఆర్థోసిస్ (కాలిని పట్టి ఉంచే తొడుగు), మొదట రోజుకి కొద్ది నిమిషాల నడక, ప్రతి పెంపుకీ మర్నాడు ఉదయం ఉష్ణోగ్రత. తర్వాత అరికాలి అచ్చు తీసి చేయించిన, అడుగు వంపుగా ఉండే బూట్లు. పాదం వంపు కొంచెం దిగింది. అరికాలు తిరగబడిన పడవలా ఉబ్బే పరిస్థితి మాత్రం రాలేదు. ఏడాది గడిచింది, పుండు పడలేదు.

ఈ కేసు తర్వాత మా క్లినిక్‌లో మారినవి కొన్ని. మోనోఫిలమెంట్ తెలియని పాదానికి దెబ్బ తగిలితే నొప్పి ఉందా అన్న ప్రశ్న అడుగుతాం గానీ "లేదు" అన్న జవాబుకి మార్కులు వేయం. చీలమండ, పాదం రెండింటికీ, రెండు వైపులా, నిలబెట్టి ఎక్స్‌రే. అది మామూలుగా ఉన్నా పాదం వేడిగా ఉంటే, ఎంఆర్‌ఐ అయ్యేదాకా షార్కో అనే అనుకుని ముందు కాలి మీద బరువు తగ్గించేస్తాం. అనవసరంగా కట్టు వేస్తే పోయేది కొన్ని వారాలు, వేయకపోతే పోయేది పాదం ఆకారం. ఈ లెక్క మొదటిరోజు నేను వేసుకోలేదు. ఎముక విరగడం ఎక్స్‌రేలో స్పష్టంగా ఉన్న షుగర్ పేషెంట్లకి కూడా స్పర్శ లేకపోతే మామూలుగా పెట్టే గడువుకి రెట్టింపు కట్టులో ఉంచుతున్నాం. కొలిచే ముందు కాళ్ళు రెండూ ఇరవై నిమిషాలు బయట. అందుకోసం గోడ మీద గడియారం పెట్టించింది టెక్నీషియనే.

మారనిదీ ఒకటుంది. కొందరికి ఇప్పటికీ బూటే ఇస్తాను. ఒంటరిగా ఉండేవాళ్ళు, తూలి పడే ప్రమాదమున్నవాళ్ళు, వారం వారం రాలేనివాళ్ళు. ఇచ్చేటప్పుడు దాన్ని పట్టీ చుట్టి తీయలేకుండా చేయడమా, అలాగే ఇవ్వడమా అన్నది మనిషిని బట్టి. వచ్చినప్పుడల్లా బూటు తిరగేసి అడుగు చూస్తాను.

ఆవిడ ఇంట్లో రోజూ ఉదయం లేవగానే రెండు పాదాల్లో ఆరేసి చోట్ల థర్మామీటర్ పెట్టి నోటుపుస్తకంలో రాస్తారు. 2.2 దాటిన రోజు నడక మానేసి ఫోన్ చేయాలన్నది ఒప్పందం. ఒకసారి చేశారు. ప్రయాణం మర్నాడు 2.3, రెండు రోజులు కాలు ఎత్తులో పెట్టుకుంటే దిగింది. పోయిన వారం పుస్తకం తెచ్చారు. నాలుగు నెలలుగా కుడి పాదమే కొద్దిగా వెచ్చగా ఉంటూ వచ్చింది. ఈ పది రోజులుగా ఎడమది 0.8, 0.9, 1.1 ఎక్కువ. హద్దు దాటలేదు. ఆనెకాయ కింద చూశాను, రక్తం మరక లేదు. ఎడమ బూటులో మెత్త మార్పించి, రెండు పాదాలకీ నిలబెట్టి ఎక్స్‌రే తీయించి, వచ్చే సోమవారం మళ్ళీ రమ్మన్నాను.